బాప్టిస్టులకు హెడ్డాఫీసు లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో బాప్టిస్టులనే క్రైస్తవ శాఖ గురించి వేసిన వ్యాసం చదివాను. మొదటిసారి కోపంగా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. ఇరవై రెండేళ్లుగా మా బాప్టిస్టు సంఘానికి కార్యదర్శిని, మినిట్స్ పుస్తకం ఉండేది నా దగ్గరే. కాగితం మీద ఏదైనా తేడాగా కనిపిస్తే పక్కన గీత పెట్టకుండా ఉండలేను.

వ్యాసం పైన పెద్ద ఫొటో వేశారు. ఒక సైనికుడి అంత్యక్రియలు జరుగుతుంటే రోడ్డు పక్కన ద్వేషపు ప్లకార్డులు పట్టుకుని నిలబడిన జనం. కింద ‘బాప్టిస్టుల నిరసన’ అని రాశారు. మొదటి గీత అక్కడే పడింది. వాళ్లు అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, టొపీకాలోని వెస్ట్‌బోరో బాప్టిస్టు చర్చివాళ్లు. 1955లో ఫ్రెడ్ ఫెల్ప్స్ అనే ఆయన మొదలుపెట్టిన చర్చి అది. ఉన్నదే కొద్దిమంది, అందులో ఎక్కువమంది ఆయన పిల్లలు, మనవలే. ఏ బాప్టిస్టు సమాఖ్యలోనూ వాళ్లకు సభ్యత్వం లేదు. చనిపోయిన ఒక సైనికుడి తండ్రి వాళ్లమీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాటలు ఎంత రోతగా ఉన్నా వాక్‌స్వాతంత్ర్యం కిందికే వస్తాయని 2011లో తొమ్మిదిమంది జడ్జీల్లో ఎనిమిదిమంది తేల్చారు. వాళ్లు టీవీల్లో కనిపించినన్నిసార్లు ప్రపంచంలో ఇంకే బాప్టిస్టులూ కనిపించి ఉండరు.

‘వాళ్లు మావాళ్లు కాదు, సవరణ వేయండి’ అని రెండు వాక్యాలు రాసి పోస్టులో వేసేస్తే సరిపోయేది. నిజానికి ఆ ఉత్తరమే మొదట రాశాను. కవరు అంటించబోతూ ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా బ్యాంకులో ఏదో ఒక బ్రాంచిలో కౌంటరు దగ్గర మర్యాద తప్పితే ఖాతాదారుడు హెడ్డాఫీసుకు రాసేవాడు. అక్కణ్నుంచి మాకు తాఖీదు వచ్చేది. వారంలో సంజాయిషీ ఇచ్చుకోవాలి. బాప్టిస్టులకు అలాంటి హెడ్డాఫీసు లేదు. పోపు లేడు, బిషప్పు లేడు. ప్రతి స్థానిక సంఘం తనకు తానే పెద్ద. పాస్టరును పిలుచుకునేది సంఘమే, పొమ్మనేదీ సంఘమే, అది కూడా చేతులెత్తి ఓట్లు వేసి. సమాఖ్యలు, కన్వెన్షన్లు ఉంటాయి కానీ వాటిలో చేరడం, మానడం సంఘం ఇష్టం. 1905లో లండన్‌లో బాప్టిస్టుల ప్రపంచ కూటమి ఏర్పడింది. అదైనా ఏ సంఘానికీ ఉత్తర్వులు ఇవ్వలేదు. ఎవరైనా పదిమందిని కూడగట్టి గోడ మీద ‘బాప్టిస్టు’ అని రాసుకుంటే ఆ బోర్డు దించమని అడిగే అధికారం మాలో ఎవరికీ లేదు. కాబట్టి ‘వాళ్లు బాప్టిస్టులు కాదు’ అని మీకు రాయడానికి నేనెవరిని? వాళ్ల బోర్డు వాళ్లది, మా బోర్డు మాది.

బయటివాళ్లు మమ్మల్ని ఎలా చూస్తారో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నాకు తెలిసింది. భోజనాల బల్ల దగ్గర ‘మీరు డాన్సు చేయరటగా, సినిమా చూడరటగా, నవ్వడానికైనా పర్మిషన్ ఉందా’ అని ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అందులో పెద్దగా అబద్ధం లేదు కూడా, మా నాన్నగారు పేకముక్కను చేత్తో ముట్టేవారు కాదు. అలాంటి హాస్యం ఎవరినీ నొప్పించదు. నొప్పించేది వేరే ఉంది. అది సాటి క్రైస్తవులకే బాగా తెలుసు. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

మావారు పుట్టిన సంఘంలో పసిపిల్లల నుదుటి మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. మా పెళ్లి కుదిరాక ఆయన మా సంఘంలో చేరతానన్నారు. పెద్దలు సంతోషించారు. కానీ చేరాలంటే నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలన్నారు. ‘నాకు అయింది కదండీ’ అన్నారు ఆయన. ‘అది బాప్తిస్మం కాదు బాబూ’ అన్నారు మా పెద్దాయన ఒకరు, చాలా మెత్తగా. ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. కసురుకుని ఉంటే బాగుండేదేమో.

అత్తయ్య ట్రంకు పెట్టెలో ఒక చిన్న తెల్లగౌను ఉండేది, మడతల దగ్గర పసుపు పట్టిపోయింది. దాని కింద బాప్తిస్మపు సర్టిఫికెట్టు. మావారి బాప్తిస్మం రోజున ఆమె వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. ఆయన తొట్టిలోంచి తడిబట్టలతో మెట్లెక్కి వస్తుంటే అందరూ పాట పాడుతున్నారు. ఆమె తువ్వాలు పట్టుకుని ఎదురువెళ్లి ‘చలేస్తోందా నాన్నా’ అని మాత్రం అడిగారు. ఇంటికొచ్చాక వంటింట్లో నాతో అన్నారు, ‘అయితే వీడు ఇన్నాళ్లూ క్రైస్తవుడు కాదన్నమాట. మరి నేను?’ నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆమె మాతోనే ఉన్నారు, ప్రతి ఆదివారం మాతోనే ఆరాధనకు వచ్చారు. మునిగి బాప్తిస్మం తీసుకున్నవారే బల్లలో, అంటే ప్రభువు పేర పంచుకునే రొట్టె, ద్రాక్షరసంలో, పాలు పొందాలని పాస్టరుగారు నెలనెలా ప్రకటించేవారు. రొట్టె పళ్లెం వరస వెంబడి వచ్చేది. అత్తయ్య దాన్ని అందుకుని, దానివైపు చూడకుండా, నా చేతికిచ్చేవారు. ఏడాదికి పన్నెండుసార్లు, పదకొండేళ్లు. బ్యాంకు మనిషిని కదా, లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

పసిపిల్లల బాప్తిస్మాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోను. విశ్వాసం ఎవరికి వారే చెప్పుకోవాలి, అమ్మానాన్నలు చెప్పేది కాదని నా నమ్మకం. పదిహేనో ఏట సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పి నేనూ అలాగే మునిగాను. అన్ని బాప్టిస్టు సంఘాలూ బల్ల దగ్గర మాలాగా గీత గీయవు. క్రీస్తును నమ్మినవాళ్లెవరైనా రావచ్చనేవి చాలా ఉన్నాయి, అది ఆ సంఘం ఇష్టం. మేము గీసుకున్నాం. అవతలి మనిషి జీవితం మొత్తాన్ని ‘అది లెక్కలోకి రాదు’ అని ఒక్క మాటతో కొట్టేశాక, మమ్మల్ని గర్విష్ఠులని వాళ్లనుకుంటే అది అపోహ అని ఎలా అనను?

అత్తయ్య పోయాక చరిత్ర పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. మా పరంపరకు మొదటివాడిగా చెప్పుకునే జాన్ స్మిత్ అనే ఆంగ్లేయుడు, సొంత దేశంలో ఉండలేక ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, 1609లో విశ్వాసుల బాప్తిస్మంతో సంఘం పెట్టాడు. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిందెవరు? ఆయనే. తనకు తానే ఇచ్చుకుని తర్వాత మిగతావాళ్లకు ఇచ్చాడు. అదీ మునిగి కాదు, నీళ్లు పోసుకుని అని చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లండు బాప్టిస్టుల్లో మునగడం 1640ల్లో గానీ స్థిరపడలేదు. అంటే మొట్టమొదటి బాప్టిస్టు మా సంఘానికి వస్తే అత్తయ్య పక్కన కూర్చుని పళ్లెం పక్కవాళ్లకు అందించాల్సిందే.

చెడ్డపేరు కూడా ఆ కాలానిదే. అంతకు వందేళ్ల ముందు స్విట్జర్లాండు, జర్మనీల్లో పెద్దవాళ్లకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లను ‘అనాబాప్టిస్టులు’ అనేవారు. అంటే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ను 1527 జనవరిలో జూరిక్ నగర అధికారులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు, నీళ్ల నేరానికి నీళ్ల శిక్ష. 1534లో వాళ్లలోనే ఒక తీవ్ర గుంపు మున్‌స్టర్ పట్టణాన్ని పట్టుకుంది. అక్కడ కత్తి రాజ్యమేలింది, ఒక మగవాడికి పలువురు భార్యలు ఉండవచ్చని చట్టం కూడా చేశారు. పట్టణం మళ్లీ చేతులు మారాక నాయకుల శవాలను ఇనుప బోనుల్లో పెట్టి చర్చి గోపురానికి వేలాడదీశారు. ఆ బోనులు ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి.

బాప్టిస్టులకూ ఈ అనాబాప్టిస్టులకూ సంబంధం ఎంత అనేదానిమీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. జనానికి అదంతా ఎందుకు? ముంచేవాడు కనిపిస్తే మున్‌స్టర్ గుర్తొచ్చేది. 1646లో శామ్యూల్ ఓట్స్ అనే బోధకుడి మీద ఇంగ్లండులో హత్యకేసు పెట్టారు. ఆయన చల్లటి నీళ్లలో ముంచిన ఒకామె కొన్ని వారాలకు చనిపోయింది, అదీ అభియోగం. నిర్దోషి అని వదిలేశారు. లండన్‌లోని ఏడు సంఘాలు కలిసి 1644లో తమ విశ్వాస ప్రకటన అచ్చువేసినప్పుడు దాని పేజీ మొదట్లోనే ఏమని వేసుకున్నారో చూడండి. తమను జనం మామూలుగా, కానీ తప్పుగా, అనాబాప్టిస్టులని పిలుస్తున్నారని. దేవుణ్ని గురించి నోరు తెరవక ముందే ‘మేము వాళ్లం కాదు’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. దాదాపు 380 ఏళ్ల తర్వాత మీకు నేను రాసిన మొదటి ఉత్తరంలోనూ అదే వాక్యం. కవరు అంటించకుండా ఆగడానికి అదొక కారణం.

ఆ తొలి బాప్టిస్టులు ఇంకో మాట కూడా అన్నారు. మీ వ్యాసకర్త దాన్ని చదివి ఉంటే ‘బాప్టిస్టులు మొదటినుంచీ పరమతాన్ని సహించనివాళ్లు’ అనే వాక్యం రాసి ఉండేవారు కాదు. నా రెండో గీత దానికింద పడింది. స్మిత్‌తో వెళ్లిన థామస్ హెల్విస్ తర్వాత లండన్‌కు తిరిగొచ్చి 1612లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఒక ప్రతిలో రాజు జేమ్స్‌ను ఉద్దేశించి సొంత దస్తూరీతో రాశాడు, రాజు కూడా చావు తప్పని మనిషే, దేవుడు కాడు, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదు అని. మతం విషయంలో తురకలనైనా, యూదులనైనా, చివరికి మతద్రోహులనైనా సరే శిక్షించడం రాజు పని కాదని పుస్తకంలో వాదించాడు. తన మతానికి స్వేచ్ఛ అడగడం పెద్ద విశేషం కాదు, ఎవరైనా అడుగుతారు. తనకు నచ్చని మతాలన్నిటికీ అడిగాడు. న్యూగేట్ జైల్లో పెట్టారు, మళ్లీ బయటికి రాలేదు.

అమెరికాలోనూ అంతే. 1651లో బోస్టన్‌లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టుకు మూడు పాయల కొరడాతో ముప్పై దెబ్బలు కొట్టారు. కొట్టించింది హిందువులూ కాదు, ముస్లింలూ కాదు, తాము మతస్వేచ్ఛ కోసం సముద్రం దాటొచ్చామని చెప్పుకునే క్రైస్తవులే. హార్వర్డ్ మొదటి అధ్యక్షుడు హెన్రీ డన్‌స్టర్ పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోనన్నందుకు 1654లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1801లో కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు కొత్త అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాసి, మా మతస్వేచ్ఛ మా రాష్ట్రంలో హక్కుగా కాక దయగా దక్కుతోందని మొరపెట్టుకున్నారు. 1802 జనవరి 1న ఆయన రాసిన జవాబులోనే చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అనే మాట వచ్చింది. ఈనాటికీ కోర్టులు ఎత్తి చూపే ఆ మాట బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలోది.

మరి అలాంటివాళ్లు ‘మా నమ్మకాన్ని అందరి మీదా చట్టంగా రుద్దుతారు’ అనే పేరు ఎలా తెచ్చుకున్నారు? ఎక్కువమంది అయ్యారు కనుక అని నాకనిపిస్తుంది. కొరడా దెబ్బలు తిన్నన్నాళ్లు గోడ కావాలి, అసెంబ్లీలో మనవాళ్లే కూర్చున్నాక గోడ అడ్డమనిపిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బాప్టిస్టులు మూలమూలనా పెరిగారు. 1979లో బాప్టిస్టు పాస్టరు జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ అనే సంస్థ పెట్టి చర్చి ఓట్లను రాజకీయాల్లోకి నడిపించాడు. ఆ పేరు ఒకసారి చూడండి, నైతిక మెజారిటీ. హెల్విస్ బతికున్నప్పుడు మెజారిటీ అంటే ఆయన్ను జైల్లో పెట్టినవాళ్లు.

అంతకంటే పెద్ద మచ్చ ఇంకొకటి ఉంది. సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ 1845లో జార్జియాలోని ఆగస్టాలో విడిగా ఏర్పడిందంటే ప్రధాన కారణం బానిసలే. బానిసలున్న యజమానిని మిషనరీగా పంపవచ్చా అనే దగ్గర ఉత్తరాది, దక్షిణాది సంఘాలు విడిపోయాయి. పంపవచ్చు అన్నవాళ్లు పెట్టుకున్నదే ఆ కన్వెన్షన్. క్షమాపణ తీర్మానం 1995లో వచ్చింది, నూటయాభై ఏళ్లకు. ఆ కన్వెన్షన్ ఏర్పడడానికి పద్నాలుగేళ్ల ముందు, 1831 క్రిస్మస్‌కు జమైకాలో వేలమంది బానిసలు పనిముట్లు కింద పడేసి తిరగబడ్డారు. నాయకుడు శామ్ షార్ప్, బాప్టిస్టు సంఘంలో డీకను, అంటే సంఘ పరిచారకుడు. ఉరితీశారు. తోటల యజమానులు కసితో బాప్టిస్టు చర్చిలు కూలగొట్టారు, ఆ తిరుగుబాటును ‘బాప్టిస్టు యుద్ధం’ అనేవారు. ఆ దీవిలో యజమానికి బాప్టిస్టు అంటే బానిసలను రెచ్చగొట్టేవాడు. పక్క దేశంలో బానిసకు బాప్టిస్టు అంటే ఆదివారం ప్రార్థనకు పోయి సోమవారం కొరడా పట్టే యజమాని. మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు పాస్టరు. 1963 సెప్టెంబరులో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయినది బాప్టిస్టు చర్చిలోనే. అదే కాలంలో నల్లవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేసిన తెల్లవాళ్ల చర్చిల బోర్డుల మీద ఉన్నదీ ఆ మాటే. అందుకే ‘బాప్టిస్టులు’ అని ఎవరైనా ఒక్క మాటలో అంటే ‘ఏ బాప్టిస్టులు?’ అని అడగాలనిపిస్తుంది నాకు.

తెలుగు బాప్టిస్టుల గురించి మీ వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యం, ‘కరువులో గంజి కోసం మారినవారు’ అని. మూడో గీత. 1876లో మొదలైన ఆ మహాకరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు, నిజమే. కూలి కోసం చేరతారన్న అనుమానంతోనే కరువు ఉన్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశాడన్నదీ నిజమే. పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాకా జనం కదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు గంజి తప్ప ఇంకేమీ అక్కర్లేదని, సాటి మనిషిగా పక్కన కూర్చోబెట్టుకోవడం అనే ఆకలి వాళ్లకు ఉండదని అనుకునేవాళ్లే ఆ వాక్యం రాయగలరు. దీనిమీద ఇంతకంటే రాస్తే కోపం వస్తుంది, వదిలేస్తున్నాను.

ఇక కవరు అంటించకుండా ఆగిన అసలు కారణానికి వస్తాను.

2019లో హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్-న్యూస్ పత్రికలు కలిసి సదరన్ బాప్టిస్టు చర్చిల్లో లైంగిక వేధింపుల మీద పరిశోధన వేశాయి. ఇరవై ఏళ్లలో సుమారు 380 మంది పాస్టర్లు, చర్చి పనివాళ్లు, వలంటీర్ల మీద ఆరోపణలు, 700 మందికి పైగా బాధితులు. ఒక చర్చిలో పట్టుబడినవాడు ఇంకో చర్చిలో హాయిగా చేరేవాడు. బాధితులు ఏళ్ల తరబడి అడిగింది చిన్న సంగతే, అలాంటివాళ్ల పేర్ల జాబితా ఒకటి పెట్టండి, చర్చిలు చూసుకుంటాయి అని. కన్వెన్షన్ పెద్దలు కుదరదన్నారు. ఎందుకు కుదరదంటే, ప్రతి సంఘం స్వతంత్రం, మేము హెడ్డాఫీసు కాదు. 2022లో బయటి సంస్థ ఇచ్చిన నివేదికలో తేలిందేమిటంటే, కుదరదన్న కార్యాలయంలోనే 700కు పైగా పేర్లతో ఒక జాబితా గుట్టుగా నడుస్తోంది. ఎవరికీ చూపించలేదు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి అలమరలోంచి పాత మినిట్స్ పుస్తకం తీశాను. నీలం ఇంకు, నా దస్తూరీ. యువజనుల పని చూసే ఒకాయన రాజీనామా. ‘సొంత కారణాలతో వైదొలగుచున్నందున, వారి సేవలకు సంఘము కృతజ్ఞతలు తెలుపుచున్నది.’ సొంత కారణాలు ఏమిటో ఆ గదిలో ఉన్న ఆరుగురికీ తెలుసు. ఒక అమ్మాయి తల్లి మా పెద్దల దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఆయన్ను పిలిచి, గోల కాకుండా వెళ్లిపోమన్నారు. ‘అమ్మా, సొంత కారణాలని రాయండి’ అని నాతో అన్నారు, రాశాను. కొన్ని నెలలకు వేరే సంఘం నుంచి ఫోను వచ్చింది, ఆయన మా దగ్గర దరఖాస్తు పెట్టుకున్నారు, మీ అభిప్రాయం ఏమిటి అని. ‘ఇక్కడ పనిచేశారండి, సొంత కారణాలతో వెళ్లారు’ అన్నాను. అదే వాక్యం, చూసి చదివినట్టు. తర్వాత ‘వాళ్ల సంఘం వాళ్లిష్టం, మనం చెప్పకూడదు కదా’ అని నాకు నేనే చెప్పుకున్నాను. బ్యాంకులో ఒక బ్రాంచిలో క్యాషు తేడా చేసిన మనిషిని ఇంకో బ్రాంచికి అలా పంపి ఉంటే నన్ను సస్పెండ్ చేసేవారు.

స్వతంత్ర సంఘం అనే మాట హెల్విస్ జైల్లో చచ్చి సంపాదించిపెట్టింది. దాన్ని మేము ఎలా వాడుకున్నామో చూశారు కదా. బయటివాళ్లు మమ్మల్ని అసహ్యించుకునే కారణాల్లో కొన్ని వాళ్ల తెలియనితనం, వాటికి మీ వ్యాసంలో గీతలు పెట్టాను. ఇది మాత్రం అలాంటిది కాదు. దీనికి గీత పెట్టడానికి నా పెన్సిలు కదల్లేదు, ఎందుకంటే మీ వ్యాసకర్తకు ఇది తెలియనే తెలియదు. నేను చెబితే తప్ప.

మొన్న సంఘం వ్యవహారాల కూడికలో ఆ పాత మినిట్స్ సవరించాలని తీర్మానం పెట్టాను. ఇరవై రెండేళ్లలో నేను సొంతంగా పెట్టిన మొదటి తీర్మానం. మా సంఘంలో ఆడవాళ్లు డబ్బు లెక్కపెట్టవచ్చు, మినిట్స్ రాయవచ్చు, పుల్‌పిట్ ఎక్కకూడదు. అందుకని కింద, పియానో పక్కన నిలబడే మాట్లాడాను. ‘ఇన్నేళ్లయ్యాక ఇప్పుడెందుకమ్మా, సంఘానికి చెడ్డపేరు’ అన్నారు ఒకాయన. ‘బయటివాళ్లకు అలుసైపోతాం’ అన్నారు ఇంకొకాయన. మావారు ఏమీ అనలేదు, ఓటు దగ్గర మాత్రం అందరికంటే ముందు చెయ్యెత్తారు. 34 మంది కావాలన్నారు, 29 మంది వద్దన్నారు. మినిట్స్‌లో కొట్టివేతలు ఉండకూడదు కాబట్టి పాత వాక్యాన్ని అలాగే ఉంచి పక్కన ఎర్ర ఇంకుతో రాశాను. మైనరు బాలిక తల్లి ఫిర్యాదు మీద పంపించివేశాము. విచారించలేదు. పోలీసులకు చెప్పలేదు. వేరే సంఘం అడిగినప్పుడు దాచాము. కింద తేదీ, సంతకం. మర్నాడే పోలీసు స్టేషనుకు వెళ్లి ఇదే రాతపూర్వకంగా ఇచ్చాను, రసీదు తీసుకున్నాను.

ఆ సాయంత్రమే అప్పుడు ఫోను చేసిన సంఘానికి ఫోను చేశాను. కార్యదర్శిగా ఇప్పుడు ఎవరో కుర్రాడు ఉన్నాడు, రిజిస్టరు తీసి చూశాడు. ఆయన అక్కడ మూడేళ్లు చేసి వెళ్లిపోయారట. ఎందుకు వెళ్లారు బాబూ అని అడిగాను. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ‘సొంత కారణాలతో అని ఉందండి’ అన్నాడు.

ఎక్కడికి వెళ్లారో వెతుకుతున్నాను. ఫొటో కింద ‘వెస్ట్‌బోరో’ అని సవరణ వేస్తే వేయండి, వేయకపోయినా ఫరవాలేదు. ఈ ఉత్తరం అచ్చువేస్తే మాత్రం నా పేరు, మా ఊరు వేయకండి. నా కోసం కాదు. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్దదై ఉంటుంది, తన గురించేనని ఎవరూ గుర్తుపట్టకూడదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక బాప్టిస్టు సంఘ కార్యదర్శి